పంటినొప్పి సెలవు పెట్టి ఇంటర్వ్యూకు

నవ్వులక్క చేసిన పళ్ళసెట్టు పెట్టుకుని ఒక పెద్దాయన పందెం కాసి తలుపు గొళ్ళెం కొరికితే, పళ్ళకేమీ కాలేదు గానీ గొళ్ళెం వంగిపోయిందని ఆ వీధిలో చెప్పుకుంటారు. ఆ గొళ్ళెం చూసినవాళ్ళు ఎవరూ లేరు. కాదన్నవాళ్ళూ లేరు.

కట్టుడు పళ్ళు చేయడం ఆమె పని. పళ్ళ డాక్టరు గారి ఆసుపత్రి వెనక, ఒకే ఒక్క కిటికీ ఉన్న గదిలో, మైనం కరిగించే దీపం ముందు పెళ్ళికి ముందు నుంచీ కూర్చుంటోంది. ఆమె చేతి సెట్టు పెట్టుకున్నవాళ్ళు వీధిలో ఎదురైతే ముందు పళ్ళన్నీ చూపించి, ఆ తర్వాతే బాగున్నావా అని అడుగుతారు. నవ్వులక్క అన్న పేరు అలా వచ్చింది. ఆమె నవ్వేది మాత్రం తక్కువే.

కొంతకాలంగా ఆమె మనసు పింగాణీ పళ్ళ మీద పడింది. అరిగిన పళ్ళకు తొడిగే పింగాణీ క్యాపులు డాక్టరు గారు బయట ఒక పెద్ద ల్యాబులో చేయించేవారు. అవి చిన్న డబ్బాలో వచ్చేవి. నవ్వులక్క ఒక్కొక్కటీ దీపం దగ్గర పెట్టి, లోపల రంగు పొరలు ఎలా వేశారో అని గుడ్లప్పగించి చూసేది. ఆ పని ఇక్కడే మొదలుపెడదాం, పింగాణీ కాల్చే పొయ్యి కొనండి అని డాక్టరు గారిని అడిగింది. చూద్దాం అన్నారు. మళ్ళీ అడిగింది. మళ్ళీ చూద్దాం అన్నారు. చూపులతోనే సరిపోతోందని ఆమెకు అర్థమయ్యాక, ఆ పెద్ద ల్యాబులో మనిషి కావాలని తెలిసి దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూకు రమ్మన్నారు.

ఉద్యోగాలు మారడంలో ఆమె భర్తను మించినవాడు లేడు. ఆయన స్కూలు వ్యాను నడుపుతాడు. మానేసిన ఉద్యోగాల పేర్లన్నీ చెప్పడం మొదలుపెడితే, పిల్లలందరినీ ఇళ్ళ దగ్గర దింపి వచ్చినా ఇంకా కొన్ని మిగులుతాయి. కొత్తది చేతికొచ్చేదాకా పాతచోట నోరు విప్పొద్దని, ఆ పూటకు ఏదో ఒక నొప్పి చెప్పి సెలవు తీసుకోమని ఆయన సలహా.

కడుపునొప్పి అనొచ్చు. నడుం నొప్పి అనొచ్చు. కానీ పొద్దస్తమానం చెవిలో పడే మాటే ఆమె నోట్లోంచి వచ్చింది. పంటినొప్పి అంది. అదీ ఎవరితో? పళ్ళ డాక్టరుతో.

ఆయన వెంటనే కుర్చీ చూపించారు. వద్దండీ, తగ్గిపోతుందిలెండి అని ఆమె నీళ్ళు నమిలింది. ఇంత పెద్ద ఆసుపత్రి పెట్టుకుని సొంత మనిషిని నొప్పితో ఇంటికి పంపితే నా పరువేం కాను అని ఆయన లైటు వేశారు. ఒక్కో పన్నూ తట్టి చూశారు. నిజంగానే కింద దవడలో ఒకటి పుచ్చి ఉంది. మత్తు సూది వేసి, డ్రిల్లు పెట్టి, సిమెంట్ నింపి, పైసా తీసుకోకుండా ఇంటికెళ్ళి పడుకోమన్నారు. అలా నవ్వులక్క సగం మొహంతోనే ఇంటర్వ్యూకు వెళ్ళింది. మిగతా సగం ఎక్కడుందో ఆమెకే తెలియదు.

ల్యాబు మేనేజరు ఒక నడివయసు ఆవిడ. పక్కన పింగాణీ పని చేసే ముసలి మేస్త్రీ కూర్చున్నాడు. ఎందుకు మారాలనుకుంటున్నారని మేనేజరమ్మ అడిగింది. జవాబు సగం మాటగా, సగం చొంగగా వచ్చింది. మంచినీళ్ళు ఇస్తే గడ్డం మీదుగా కారాయి. ఏమైందని అడిగారు. అప్పటికే ఒక అబద్ధానికి సూది పొడిపించుకుని ఉంది కాబట్టి రెండోదానికి ఆమెకు ఓపిక లేకపోయింది. జరిగింది జరిగినట్టు చెప్పేసింది. మేస్త్రీ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు.

తర్వాత ప్లాస్టర్ అచ్చు ఇచ్చి, ముందుపళ్ళు మైనంలో పేర్చమన్నారు. పేర్చింది. మేస్త్రీ అటూ ఇటూ తిప్పి చూసి తలూపాడు. మేనేజరమ్మ మాత్రం చేతులు కట్టుకుంది.

"పని నచ్చింది. కానీ మీ డాక్టరు గారు మాకు పని ఇచ్చే మనిషి. ఆయన మనసు కష్టపెట్టి మిమ్మల్ని తీసుకోలేమమ్మా. ఫోన్ చేసి అడుగుతాం. ఆయన సరేనంటేనే."

"ముందు నన్ను చెప్పనివ్వండి," అంది నవ్వులక్క. "తర్వాత చేద్దురు గానీ."

సోమవారం దాకా ఆగుతామన్నారు. అంటే ఇప్పుడు పింగాణీ మొత్తం డాక్టరు గారి నాలుక చివర ఉంది.

ఆ సాయంత్రం భర్త ఉత్సాహంగా రాజీనామా రాసిపెట్టాడు. కిటికీ సరిపోదని, పొడి ఊపిరితిత్తుల్లోకి పోతోందని, పొయ్యి కొనలేదని, అన్నీ ఏకరువు పెట్టి, చివర్లో ఇక మీ ఖర్మ అని ముగించాడు. అత్తగారు, కోడలు చేసిన సెట్టు సర్దుకుని, చదివించుకుని విన్నది.

"ఇది రాజీనామానా, శాపనార్థమా?" అంది కొడుకుతో. "నువ్వు మానేసిన చోట ఒక్కడైనా నిన్ను మళ్ళీ లోపలికి రానిచ్చాడట్రా?"

నవ్వులక్క తనే వేరే కాగితం తీసుకుంది. పని నేర్పినందుకు కృతజ్ఞత చెప్పి, నెలరోజుల గడువు ఇచ్చి, చేతిలో ఉన్న సెట్లన్నీ పూర్తిచేస్తానని, కొత్తగా వచ్చేవాళ్ళకు నేర్పి వెళ్తానని రాసింది. గాలీ కిటికీల ఊసు ఎత్తలేదు.

సోమవారం పొద్దుటి పేషెంట్లు అయిపోయి, డాక్టరు గారు టీ తాగుతుండగా కాగితం ఇచ్చింది. ఆయన చదివి మొదట జీతం పెంచుతానన్నారు. ఆమె తల అడ్డంగా ఊపింది. అప్పుడు, ఇన్నాళ్ళూ నోటినుంచి రాని మాట వచ్చింది.

"పోనీ పొయ్యి కొందాం అమ్మాయ్. ఈ నెలలోనే."

ఆమె కుర్చీ వీపు పట్టుకుంది.

"కొంటే నేర్పేవాళ్ళు కావాలి కదా డాక్టరు గారూ. మనిద్దరికీ రాదు. అందుకే ఆ పెద్ద ల్యాబులో చేరదామని."

ఆయన టీ కప్పు కింద పెట్టారు. "అయితే ఆ రోజు పంటినొప్పి?"

"లేదండీ. ఇంటర్వ్యూకే వెళ్ళాను. పుచ్చిందని మీరు చెప్పేదాకా నాకూ తెలీదు. తప్పేనండీ."

"ఇన్నేళ్ళు నా దగ్గర పనిచేసి, నాతోనే, అదీ పన్ను మీద అబద్ధం చెప్తావా," అన్నారాయన. టీ సగంలోనే వదిలేసి లోపలికి వెళ్ళిపోయారు. ఆయన కేకలేసి ఉంటే ఆమెకు హాయిగా ఉండేది.

మధ్యాహ్నం ఆసుపత్రి ఫోన్ మోగింది. నవ్వులక్క గది తలుపు దగ్గరే ఫోన్ బల్ల. డాక్టరు గారే ఎత్తారు. ఆమె సెట్టు ఆకురాయితో రుద్దుతున్నదల్లా చేయి ఆపేసింది. అవతలివాళ్ళు చాలాసేపు మాట్లాడారు. ఈయన ఊఁ కొడుతూ విన్నారు.

"తీసుకోండి," అన్నారు చివరికి. "కానీ ఇప్పుడే కాదు. ఆవిడ చేతిలో నా పేషెంట్ల పళ్ళున్నాయి. వాళ్ళ నోళ్ళు నిండాక పంపిస్తాను." అవతల ఇంకేదో అడిగితే, "కోపమా? ఉంది. దానికీ ఆవిడ పనికీ సంబంధం లేదు," అని పెట్టేశారు.

గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఆమె మొహం చూడలేదు. బల్ల మీద ఆరుతున్న అచ్చుల వైపు చూశారు.

"నెలలో మనిషిని తయారుచేస్తావా?"

"చేస్తానండీ. చెయ్యి వణకనివాళ్ళని చూసి పెట్టండి చాలు."

"సరే. ముందు ఆ హెడ్మాస్టారి సెట్టు సంగతి చూడు. పొద్దుటి నుంచీ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని వరండాలో కూర్చున్నాడు పాపం."

ఆమె ఆకురాయి మళ్ళీ చేతిలోకి తీసుకుంది.