పెన్సిలమ్మ పెట్టిన సున్నాలు

మా పిన్నిని ఆఫీసులో అందరూ పెన్సిలమ్మ అంటారు. ఎదురుగా అనరు, అంత ధైర్యం ఎవరికుంది? ముప్ఫై రెండేళ్లుగా పై అంతస్తులో పెద్దసారు గది బయట టేబులు ఆవిడది. లోపల అయిదుగురు పెద్దసార్లు మారారు. బయట పిన్ని మారలేదు, టేబులూ మారలేదు.

లోపలికి వెళ్లే ప్రతి ఫైలూ ముందు ఆవిడ చదువుతుంది. కుడి మూలన పెన్సిలుతో టిక్కు పెడితే సంతకం పెట్టమని, సున్నా చుడితే ఇప్పుడొద్దని. మన పెద్దసార్లు మహా తెలివైనవాళ్లు, మూల చూసేవాళ్లు, ఫైలు చూసేవాళ్లు కాదు. మూడో ఆయనైతే ఒకసారి సంతకం గీకేసి, "ఇంతకీ ఇది దేని గురించమ్మా?" అని అడిగాడట. ఆయన దూరదృష్టి గురించి పత్రికలో పెద్ద వ్యాసం పడింది. దాన్ని కత్తిరించి దాచింది కూడా పిన్నే.

ఇంత చేసీ ఆవిడ గుమస్తాగా చేరింది, గుమస్తాగానే ఉంది. ఆఫీసరు హోదా ఇవ్వమని ఏడుసార్లు ఫైలు పైకెళ్లింది. ఏడుసార్లూ సంతకం లేకుండా తిరిగొచ్చింది. రిటైర్మెంటుకి ఇక నాలుగు నెలలు. ఎనిమిదోసారి వెళ్లిన ఫైలు మీదే ఆశంతా పెట్టుకుంది, పైకి మాత్రం అనదు.

ఈ ఏడాది ఆ గదిలోకి మొదటిసారి ఒక ఆడమనిషి వచ్చింది. ఇదే కంపెనీలో ట్రైనీగా చేరి ఒక్కో మెట్టూ ఎక్కిన మనిషి. పిన్ని ఆ రోజు కళ్లు తుడుచుకుంటూ, "ఇన్నాళ్లకి మనలో ఒకతె" అంది. మర్నాడు మేడం ఫైలు మూలన టిక్కు చూసి ఇదేమిటని అడిగింది. పిన్ని గర్వంగా పద్ధతంతా చెప్పింది. మేడం అంతా విని, పాత ప్రమోషన్ ఫైళ్లన్నీ తెప్పించమంది.

తీసేది నేనే, రికార్డు రూములో నా ఉద్యోగం. దుమ్ము దులుపుతుంటే పదకొండేళ్ల కిందటి ఫైలొకటి చేతికొచ్చింది. మేడం ప్రమోషను ఫైలు. కుడి మూలన గుండ్రంగా సున్నా. పరుగున వెళ్లి పిన్నికి చూపించాను.

"అప్పటికి ఆ పిల్లకి బిడ్డ పుట్టి ఆరు నెలలే. ఆ ఉద్యోగమంటే ఊళ్లు తిరగాలి. ఒక్క ఏడాది ఊపిరి పీల్చుకుంటుందని చుట్టానే" అంది పిన్ని.

"ఆవిణ్ణి అడిగావా?"

"అడిగేదేముంది, చూస్తే తెలీదూ."

నాకు ఒళ్లు మండింది. అయినా రక్తసంబంధం కదా, "ఇది దొరకలేదని చెప్పేస్తాను" అన్నాను.

"నోరుముయ్. ఫైలు ఫైలే" అంది. తనే మోసుకుని లోపలికి వెళ్లింది. మిగతా కట్టలతో నేనూ వెనకే వెళ్లాను.

మేడం ఆ సున్నా చూసింది. పిన్ని నాకు చెప్పిందే ఆవిడకీ చెప్పింది, ఒక్క ముక్క దాచకుండా.

"ఆ ఏడాది పాపని మా అత్తగారు చూసుకునేవారు. మరుసటేడు ఆవిడ మంచాన పడ్డారు. అప్పుడొచ్చింది ప్రమోషను" అంది మేడం. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

తరవాత పిన్నివి ఏడు ఫైళ్లూ మేడం వరసగా పరిచింది. ఒక్కదాని మీదా టిక్కు లేదు, సున్నా లేదు.

"వీటి మీద ఏమీ పెట్టలేదేమండీ?"

"సొంత ఫైలు మీద పెట్టుకుంటే ఏం బాగుంటుంది మేడం."

మూలన గుర్తు లేదు కాబట్టి అయిదుగురు మహానుభావుల్లో ఒక్కరికీ ఏం చెయ్యాలో తోచలేదన్నమాట. మేడం ఎనిమిదో ఫైలు ముందుకు తోసింది. "ఈసారి పెట్టండి. మీ గుర్తు ప్రకారమే చేస్తాను."

పిన్ని పెన్సిలు తీసింది. నాలుగు నెలల కోసం హోదా ఎందుకు, ఆడమనిషి రాగానే ఆడవాళ్లకి పంచిపెట్టిందని మేడంకి చెడ్డపేరు వస్తుంది అంటూ సున్నా చుట్టేసింది. నెత్తి కొట్టుకోవాలనిపించింది నాకు.

"నా మంచి మళ్లీ మీరే చూశారు" అంది మేడం. పాత ఫైలూ కొత్త ఫైలూ కలిపి, పైన పెన్సిలు చెరిపే రబ్బరొకటి పెట్టి, పిన్ని చేతికిచ్చింది. "సాయంత్రం అయిదింటికల్లా కొత్తది పంపండి."

సాయంత్రం దాకా పిన్ని ఆ రెంటినీ ముట్టలేదు. అయిదుకి పది నిమిషాలుందనగా రబ్బరు తీసి, మేడం ఫైలు దగ్గరకు లాక్కుంది.

"అది ఇప్పుడు చెరిపితే ఎవరికి లాభం పిన్నీ? ముందు నీది చూసుకో" అన్నాను.

"ఇది చెరపకుండా అదెలా చెరుపుకుంటానే" అంది.

చాలాసేపు రుద్దింది. కాగితం పలచబడింది కానీ సున్నా జాడ పోలేదు. తన ఫైలు మీది సున్నా మాత్రం ఒక్క రుద్దుకే పోయింది. ఆ చోట టిక్కు పెట్టి, అయిదింటికి లోపలికి పంపింది.