గోరింటాకు మీద పెట్టిన నింద

మా అన్న నాందేడ్‌లో ఒక మరాఠీ హైస్కూల్లో సైన్సు మాస్టారు. నేను పెళ్లయి అదే ఊళ్లో, వాళ్లింటికి రెండు గల్లీల అవతల ఉంటాను. బ్లౌజులు కుడతాను. కరోనా వచ్చిన మొదటి ఏడు అన్నకు బడి లేదు, పెళ్లిళ్లు ఆగిపోయి నాకు పని లేదు. రోజూ సాయంత్రం నాలుగింటికి అన్న దగ్గర ఉండే అమ్మను చూడడానికి పోయేదాన్ని. వదిన తన పాపను తీసుకుని కుండల్‌వాడిలో పుట్టింటికి పోయి, బస్సులు బందై అక్కడే చిక్కుకుపోయింది. అందుకని ఆ ఇంట్లో చాయ్ పెట్టే పని నాదైంది.

చాయ్ మరిగేసరికి అన్న ఫోన్‌లోకి జిల్లా అహవాల్ వచ్చేది. ఆ రోజు ఎందరికి అంటుకుంది, ఎందరు కోలుకున్నారు, ఎందరు పోయారు అని మరాఠీలో రాసిన రెండు పేజీల కాగితం. దాని మీద మాకిద్దరికీ కొట్లాట.

"ఎంతమందికి టెస్టు చేసిన్రో చెప్పకుంట ఎంతమందికి అచ్చిందో చెప్తె దానికి అర్థమేంది?" అనేవాడు అన్న. "నిన్న టెస్టులు తక్కువ చేసిన్రు. అందుకే రోగం తగ్గిందన్నరు."

"గట్లయితే అసలు లెక్క ఇంకా ఎక్కువనే ఉంటది గదా అన్నా. మా గల్లీల ఇస్త్రీ చేసేటాయన పోయిండు. ఆయన ఈ కాగితంల లేడు."

"ఆయనకు షుగర్ ఉండె. దేనితోని పోయిండో నీకెట్ల ఎరుక?"

చదువుకున్నవాడితో వాదించి నెగ్గడం నాకు చేతకాదు. అందుకని గొంతు పెంచేదాన్ని. అమ్మ మా మధ్య చేట పెట్టుకుని బియ్యం ఏరుతూ, "గా కాగితంల నేనున్ననా?" అని అడిగేది.

"నువ్వెందుకుంటవమ్మా?"

"మరి నోరు మూసుకోని చాయ్ తాగున్రి," అనేది.

అట్లా ఆషాఢం వచ్చింది. మా మరాఠీ పొరుగువాళ్లకు ఈ పట్టింపు లేదు గానీ, ఆషాఢంలో ఒక్కసారైనా గోరింటాకు పెట్టుకోకపోతే మాకు మనసొప్పదు. పెరట్లో గోడవార చెట్టుంది. "ఊరంత రోగముంటె గోరింటాకేంది బిడ్డా," అని అమ్మ వద్దంది. నేను వినలేదు. ఆకు దూసి, కొంచెం చింతపండు వేసి మెత్తగా రుబ్బి, ఆమె పది వేళ్లకూ టోపీల్లా పెట్టాను. కాలి వేళ్లను కూడా వదల్లేదు. గిన్నెలో మిగిలింది నా చేతులకు పెట్టుకున్నాను. పొద్దున పోయి చూస్తే ఆమె వేళ్లు నావాటికంటే ఎర్రగా ఉన్నాయి. "మొగుడు మంచోడైతె పండుతదంటరు. మీ నాయిన పోయినంక గూడ నాకే మంచిగ పండింది చూడు," అని నన్ను ఏడిపించింది.

వారం తిరగకముందే అమ్మకు జ్వరం వచ్చింది. పెద్ద జ్వరమేం కాదు. అన్నం రుచి లేదంది, కాళ్లు లాగుతున్నాయంది. అన్న తెలిసిన మెడికల్ షాపాయన్ని బతిమాలి, వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మిషన్ తెచ్చాడు. దానితో పాటు ఒక కాగితం ఇచ్చారు. తొంభై నాలుగు కంటే తగ్గితే వెంటనే ఆస్పత్రికి పోవాలని అందులో ఉంది. గోళ్లకు రంగు ఉండకూడదని కూడా ఉంది.

అన్న ముందు తన వేలికి పెట్టుకున్నాడు. తొంభై ఎనిమిది. తరువాత అమ్మ వేలికి పెట్టాడు. ఎనభై ఆరు. ఇంకో వేలికి పెడితే ఎనభై నాలుగు. కాలి వేలికి పెట్టినా అంతే.

తరువాత అన్న క్లాసులో పాఠం చెప్పినట్టు మొదలుపెట్టాడు. "గిది ఎట్ల పనిచేస్తదో ఎరుకేనా? వెలుతురు వేలి నుంచి అవతలికి పోవాలె. గీ ఎరుపు దాన్ని ఆపుతది. రంగు లేని నా వేలు తొంభై ఎనిమిది, రంగున్న అమ్మ వేలు ఎనభై ఆరు. ఇంకేం రుజువు గావాలె?"

"నాకేమైంది, బాగనే ఉన్న," అంది అమ్మ. నిజంగానే బాగానే మాట్లాడుతోంది.

"అవునన్నా, గోరింటాకే," అన్నాను నేను. మూడు నెలలుగా ఒక్కనాడు అన్న మాటకు ఒప్పుకోని దాన్ని, ఆ రోజు ఒక్క ప్రశ్న అడగకుండా ఒప్పుకున్నాను. ఊళ్లో లెక్క ఎక్కువే ఉంటుందని అరిచిన దాన్నే, చెడ్డ అంకె మా ఇంట్లోకి వచ్చేసరికి అది అబద్ధం కావాలని కోరుకున్నాను. అప్పట్లో కరోనా వార్డులోకి పోయినవాళ్ల మొహం మళ్లీ చూడలేమని మా భయం. అన్నకూ అదే భయం. కాకపోతే ఆయన భయానికి సైన్సు తోడైంది.

రెండు రోజులు ఆ రంగు పోగొట్టే పనిలో ఉన్నాం. నిమ్మచెక్క అరిగిపోయేదాకా నేను ఆమె వేళ్లు రుద్దాను. చింతపండు రసంలో నానబెట్టాను. "మొన్న పెట్టుడేంది, ఇయ్యాల తీసుడేంది," అని అమ్మ నవ్వింది. నవ్వుతూ మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుంది. ఆ ఆగడం నేను విన్నాను. అయినా రుద్దుతూనే ఉన్నాను.

మూడో రోజు మధ్యాహ్నం బాత్రూమ్‌కు లేచి, నాలుగు అడుగులు వేసి గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. పెదవులు నల్లబడ్డాయి. ఆటోలో పెద్దాస్పత్రికి తీసుకుపోయాం. గేటు దగ్గర నర్సు ఆమె వేలికి మిషన్ పెట్టి, అంకె చూసి లోపలికి పరుగెత్తింది. గోరింటాకు సంగతి మేం ఎవర్నీ అడగలేదు, ఎవరూ మాకు చెప్పలేదు. మంచం దొరికింది, ఆక్సిజన్ పెట్టారు. ఎంత చూడాలో అంతా చూశారు. ఆ రెండు రోజులు ముందే తెచ్చి ఉండాల్సిందని ఒక డాక్టరు మరాఠీలో మెల్లగా అన్నాడు.

నాలుగో రోజు ఒక నర్సు తన ఫోన్‌లో అమ్మతో మాట్లాడించింది. మాస్కు లోంచి మాట సరిగా వినపడలేదు. "ఇప్పుడు కాగితంల నేనున్ననా?" అని అడిగింది.

"ఉన్నవమ్మా," అన్నాడు అన్న. "రేపో ఎల్లుండో కోలుకున్నోళ్ల లెక్కల ఉంటవ్."

రెండు రోజుల తరువాత ఆమె మూడో లెక్కలో, పోయినవాళ్లలో ఉంది. మా బస్తీ పేరు, స్త్రీ అని, వయసు. వయసు రెండేళ్లు ఎక్కువ పడింది. అన్న ఆ తప్పు పట్టలేదు. ఫోన్ బోర్లా పెట్టి లేచి పోయాడు. ఆ తరువాత మా ఇద్దరి మధ్య అహవాల్ మాట మళ్లీ రాలేదు.

మిషన్‌ను నా చేతిలో పెట్టి, "నీ దగ్గరనే ఉండనీ చెల్లె, నాకు దాన్ని చూడబుద్ధి అయితలేదు," అన్నాడు. తీసుకొచ్చి కుట్టుమిషన్ సొరుగులో దారపు ఉండల పక్కన పడేశాను. పదో రోజు దాటాక ఒక మధ్యాహ్నం సూది కోసం సొరుగు తీస్తే చేతికి తగిలింది. ఊరికే నా చూపుడు వేలికి పెట్టుకున్నాను. ఆ గోరు ఇంకా ఎర్రగానే ఉంది. అదే చెట్టు ఆకు, అదే గిన్నె.

తొంభై ఏడు.

ఇంకో వేలు పెట్టాను. తొంభై ఎనిమిది. పది వేళ్లూ పెట్టి చూశాను. ఒక్కటీ తగ్గలేదు.

రెండుసార్లు కొలవకుండా నేను గుడ్డకు కత్తెర పెట్టను. ఆ రోజు మా అమ్మ మంచం మీద, ఆమె చెయ్యి పక్కనే నా చెయ్యి ఉంది, దాదాపు అంతే ఎర్రగా. నా వేలికీ పెట్టి చూడడం ఒక్క నిమిషం పని. నాకు తోచలేదా, తోచినా నా చెయ్యి ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నానా, ఇప్పటికీ తేల్చుకోలేను. చాలా ఏడ్చాను. దీపావళి దాకా నా గోళ్ల కొసల్లో ఆ ఎరుపు ఉంది.

అన్నకు చెప్పలేదు. "మిషన్ సక్కగ చూపిస్తె అదే దినం తోల్కపోదుము," అని ఆయన ఇప్పటికీ అంటాడు. ఆ మాట మీదే బతుకుతున్నాడు. పెరట్లో గోరింటాకు చెట్టును తనే వేళ్లతో సహా తవ్వి పడేశాడు. ఆ ఇంట్లో ఎవరూ పెట్టుకోకూడదు.

మొన్న ఆషాఢంలో పాప నా దగ్గరికి వచ్చింది. ఇప్పుడు పదో తరగతి. ఉమ్రి ఊరి నుంచి బడికి వచ్చే స్నేహితురాలు ఇచ్చిందట, కవరు నిండా ఆకు తెచ్చింది.

"అత్తా, గోరింటాకు పెట్టుకుంటె మిషన్ తప్పు చూపిస్తదని పప్పా అంటడు. నిజమేనా?"

సొరుగు నా మోకాలికి ఆనుకునే ఉంది. మిషన్ అందులోనే ఉంది.

"నిజమే బిడ్డా," అన్నాను.

పాప ఆకు కవరు నా దగ్గరే వదిలేసి పోయింది.