సున్నా మీద ఎవరూ కూర్చోరు

ఫువాతినోకు మొండిదన్న పేరు ఇంటర్నెట్ వల్ల రాలేదు. అంతకు చాలా ముందే వచ్చింది. రాజధాని ఆపియాలో టెలిఫోన్ కంపెనీ పని చేస్తున్నప్పుడు, పై అధికారి తప్పుకు తాను సంతకం పెట్టనని చెప్పి ఉద్యోగం వదిలేసింది. పడవెక్కి సవాయీ దీవిలోని మా ఊరికి తిరిగొచ్చి, చిన్నాన్న ఇంటి వెనక చామదుంపలు వేసుకుంది. ఎవరి ఫోను చెడినా తిట్టిపోస్తూ బాగుచేసేది.

ఊరి ఆసుపత్రి మీద ఉపగ్రహం డిష్ బిగించినప్పుడు పెద్దల సభ ఆమెనే పిలిచింది. ఆ లైను ఒక్కటే. దాన్ని బడి, ఆసుపత్రి, ఆడవాళ్ళ సంఘం, ఊళ్ళోని కుటుంబాలు పంచుకోవాలి. ఒక్కో యంత్రానికి ఒక్కో నంబరు, సున్నా నుంచి రెండువందల యాభై అయిదు దాకా.

ఎలా పంచుతుందో మొదట నర్సు లేపేకాకు చెప్పింది. లేపేకా మా పెద్ద నాయకుడు గలువావోకు అక్క. ఆసుపత్రి అరుగు మీద కూర్చుని చాప అల్లుతోంది. ఫువాతినో ఆమె ఒళ్ళోంచి ఒక మొగలి ఆకు పట్టీ లాగింది.

"ఇది మొత్తం రెండువందల యాభై ఆరు అనుకో అక్కా. ఒకసారి మడిస్తే సగం. ఇంకోసారి మడిస్తే నాలుగు ముక్కలు, ఒక్కోటీ అరవై నాలుగు. దీన్నే సబ్‌నెట్ అంటారు. ప్రతి ముక్కలో మొదటి నంబరు ఆ ముక్కకే పేరు. చివరిది అందులో ఉన్నవాళ్ళందర్నీ ఒకేసారి పిలిచే కేక. ఆ రెండూ ఎవరికీ ఇవ్వకూడదు."

"అంటే అరవై రెండు. నా పట్టీ నలిపేశావు. సరే, ఊరంతా సినిమాలు పెట్టుకున్నప్పుడు నాకు ఆపియా డాక్టరు తెర మీద కనిపిస్తాడా?"

"నీ ముక్క వేరు గనక దానికి ముందు దారి ఇవ్వగలను. అన్నీ కలిపితే మాత్రం చెప్పలేను."

లైనును అందరికీ పంచే రౌటర్ ఉన్న చెక్కపెట్టెకు తాళం వేసి, తాళంచెవి లేపేకా మెడలో వేసి వెళ్ళింది.

సోమవారం పెద్దల సభ కూడింది. నాయకులు ఎవరి స్తంభానికి వాళ్ళు ఆనుకుని కూర్చున్నారు. సభ మొదట్లో అందరూ తాగే కావా వేరు రసం పంచడం అయ్యాక గలువావో ఆమెను పిలిపించాడు. ఆయన వెనక పాస్టరు అల్లుడు సిమీ ఉన్నాడు. అతనికీ కంప్యూటర్లు వచ్చు.

"అమ్మాయ్, వచ్చినవి రెండువందల యాభై ఆరు. నువ్వు నాలుగు ముక్కల్లో అరవై రెండేసి పంచావు. ఎనిమిది ఏమయ్యాయి?"

"అవి పంచేవి కావు పెద్దయ్యా."

"మీ ఇంట్లో ఎంతమంది?"

"ఎనిమిది."

సభంతా నవ్వింది. ఫువాతినో చిన్నాన్న మాత్రం తల దించుకున్నాడు.

సిమీ అందుకున్నాడు. "ముక్కలు చేయకపోతే రెండే పోతాయి పెద్దయ్యా. పైగా చూడండి, సున్నా దగ్గర బడిపిల్లల్ని పెట్టింది. తమరికి నూట తొంభై నాలుగు. తమరు పిల్లల వెనకాల కూర్చోవాలట."

గలువావో మొహం బిగుసుకుంది. మా సభలో ఎవరు ఏ స్తంభం దగ్గర కూర్చోవాలన్నది తాతల నాటి నుంచీ ఉన్న లెక్క. "ముక్కలన్నీ కలిపెయ్. నాకు మొదటిది కావాలి. ఆ సున్నా."

"కలిపినా సున్నా ఎవరికీ రాదు. మనం కూర్చున్న ఈ ఇంటికి ఒక పేరుంది. ఆ పేరు మీద ఎవరైనా కూర్చుంటారా? చివరి నంబరు సాయంత్రం ప్రార్థనకు ఊదే శంఖం లాంటిది. ఆ మోతకు కావా పోస్తామా?"

"అయితే ఒకటి ఇవ్వు."

"ఒకటి రౌటర్‌ది, అంటే గుమ్మం. మీరు గుమ్మంలో కూర్చుంటే మేమంతా ఎటునుంచి రావాలి?"

ఎవరో నవ్వబోయి దగ్గు తెచ్చుకున్నారు. గలువావో గొంతు పెంచలేదు. "మన ఇళ్ళకే గోడలు లేవు. కంటికి కనపడని దానికి గోడలు కట్టడానికి నువ్వెవరు?"

"గోడలు లేవు, నిజమే. కాన్పు జరిగే ఇంట్లో కొబ్బరాకు తెరలు దించుతాం కదా. నేను దించింది ఆ తెరలే. ఎత్తను."

సభలో నిలబడి నాయకుడితో 'ఎత్తను' అన్న మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. తీర్పు వెంటనే వచ్చింది. పెట్టె తాళంచెవి సిమీకి ఇవ్వాలి. ఫువాతినో పొద్దున్నే వచ్చి, మా ఆచారం ప్రకారం తల మీద చాప కప్పుకుని, గలువావో ఇంటి ముందు కూర్చుని క్షమాపణ అడగాలి.

తెల్లవారగానే చిన్నాన్న ఇంట్లో ఉన్న ఒక్క మంచి చాప తెచ్చాడు. "కాసేపు కూర్చోవే తల్లీ. ఆయనే లేపుతాడు. మన వంశం పరువు."

"చాప మడిచి పెట్టు చిన్నాన్నా. లెక్క తప్పయితే రోజంతా కూర్చునేదాన్ని. తప్పు కాని లెక్కకు చాప కప్పుకోను."

ఆమె వెళ్ళి ఆసుపత్రి మెట్టు మీద కూర్చుంది. కాసేపటికి గలువావో, సిమీ వచ్చారు. సిమీ ఆమెను దాటుకుని పైకి ఎక్కబోయాడు. లోపలినుంచి లేపేకా తడిచేతులతో బయటికొచ్చింది.

"తాళంచెవి ఇవ్వక్కా" అన్నాడు తమ్ముడు.

"లోపల సలోమా నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగింది. ఆపియా డాక్టరు తెర మీదే ఉండి చెబుతున్నాడు. తెరలు ఎత్తమంటావా, ఎత్తేస్తాను. ఆ మాట నా మొహం చూసి చెప్పు."

మా దగ్గర తమ్ముడు ఎంత నాయకుడైనా అక్క మాట తోసెయ్యడు. గలువావో చేతికర్రను ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. మెట్టు మీద కూర్చున్న మనిషి వైపు తిరిగాడు.

"ఆ ఎనిమిదీ నిజంగా నీ దగ్గర లేవా?"

"ఇంటికొచ్చి వెతుక్కోండి. కొంచెం కాళ్ళు తుడుచుకుని రండి."

ఆయన వెళ్ళిపోయాడు. సిమీ చెప్పులు వెతుక్కుని ఆయన వెనకే పరుగెత్తాడు.

తెరలు అలాగే ఉన్నాయి. సలోమాకు ఆడపిల్ల పుట్టింది. క్షమాపణ చెప్పనందుకు ఫువాతినోను ఆదివారం విందులకు రావద్దన్నారు. ఆమె ఇంటి వెనకే చామదుంపలు కాల్చుకుని తినేది. కొన్ని వారాలు లేపేకా తన పళ్ళెం అక్కడికే తెచ్చుకుంది. అక్క లేని పంక్తిలో తమ్ముడికి ముద్ద దిగలేదని ఊళ్ళో చెప్పుకున్నారు. నిజమో కాదో ఆయన్ని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

వానల్లో ఒక మధ్యాహ్నం ఫువాతినో ఫోను మోగింది. నేను అక్కడే నా ఫోను బాగుచేయించుకుంటున్నాను.

"అమ్మాయ్, నూట తొంభై నాలుగు పనిచెయ్యడం లేదు" అన్నాడు గలువావో.

"విందుకు రావద్దన్న మాట వెనక్కి తీసుకున్నారా?"

"లేదు."

"నేనూ ఏ మాటా వెనక్కి తీసుకోలేదు" అంది ఫువాతినో. "వస్తున్నా. కుక్కను కట్టెయ్యండి."