ఇన్సులిన్ పోగొట్టుకుని కళింగపట్నం వెళ్ళాం

నా రూమ్మేట్ చిసోమో వాళ్ళది ఆఫ్రికాలోని మలావి. వాళ్ళ దేశానికి సముద్రం లేదు. ఇంజనీరింగ్ చదవడానికి విజయనగరం వచ్చి రెండేళ్ళయినా ఇక్కడి సముద్రమూ చూడలేదు. హాస్టల్లో అందరికీ ఆమె సోమ. తెలుగు బాగానే వచ్చేసింది. పన్నెండో ఏట నుంచి షుగరు ఉంది, అన్నం ముందు ఇన్సులిన్ పడాల్సిందే. పరాయి ఊళ్ళో ఏదైనా అయితే ఎవరిని అడగాలన్న భయంతో కాలేజీ, డాక్టరు తప్ప ఎక్కడికీ కదిలేది కాదు. సముద్రం ఒడ్డున కళింగపట్నంలో మా పెద్దమ్మ ఉంది, సాయంత్రానికి వచ్చేద్దామని నెల్లాళ్ళు బతిమాలితే మార్చిలో ఒక ఆదివారం సరేనంది.

ఉదయం ఆరున్నరకు పాసింజరు ఎక్కాం. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగి, బస్సులో శ్రీకాకుళం ఊళ్ళోకి వెళ్ళి, ఎనిమిదిన్నరకు ఆర్టీసీ కాంప్లెక్స్ ఎదురుగా ఇడ్లీ చెప్పాం. ప్లేట్లు వచ్చాక సోమ బ్యాగు తెరిచి రెండుసార్లు వెతికింది. ఇన్సులిన్ పెన్ను, సూదులు ఉన్న చిన్న సంచి లేదు. రైల్లో కిటికీ పక్కన కొక్కేనికి తగిలించి మరిచిపోయాం.

"వెనక్కి వెళ్ళిపోదాం. వార్డెన్‌కి ఫోన్ చేస్తాను" అన్నాను.

"వార్డెన్ ఇన్సులిన్ అమ్ముతారా?" అంది సోమ. "ముందు మందుల షాపు చూపించు."

ఆదివారం కదా, మొదటి రెండు షాపులూ మూసి ఉన్నాయి. పెద్దాసుపత్రి దగ్గర ఒకటి తెరిచి ఉంది. కంగారులో నేను, సోమ చెప్పగా విన్న, వాళ్ళ దేశంలో వాడిన మందు పేరు చెప్పాను. షాపాయన తల అడ్డంగా ఊపాడు. "ఆ పేరు ఇక్కడ దొరకదమ్మా."

సోమ నన్ను పక్కకు జరిపి, పర్సులోంచి విజయనగరం డాక్టరు రాసిచ్చిన చీటీ తీసింది. అందులో కంపెనీ పేరు లేదు. అసలు మందు పేరు, ఎంత బలం, ఏ పూట సుమారు ఎన్ని యూనిట్లు, అంతే. వచ్చిన మొదటి వారమే అడిగి రాయించుకుందట. పరాయి దేశంలో చదువుకునేవాళ్ళు ఈ ఒక్క పనీ మరిచిపోకండి. షాపాయన చీటీ చదివి ఫ్రిజ్ తెరిచాడు.

"మందు ఇదేనమ్మా, కంపెనీ ఏరు. డేటు సూసుకో తల్లీ."

పెన్ను, సూదులు కొని, సోమ ఇన్సులిన్ వేసుకున్నాక, తొమ్మిదిన్నరకు మళ్ళీ వేడి ఇడ్లీ చెప్పి తిన్నాం. "ఇప్పుడైనా వెనక్కి వెళ్దామా?" అన్నాను.

"దేనికి?" అంది సోమ.

గార ఊరి మీదుగా వెళ్ళే బస్సు పదకొండుకు కళింగపట్నంలో దింపింది. పెద్దమ్మ ఇంటి ముందు చేపలు ఎండబెడుతోంది. "ఏటే, సెప్పిన టైముకి రారేటి?" అని కేకేసింది. జరిగింది చెప్పి, పెన్ను చల్లగా ఉండాలి కదా అని నేను చేపల ఐసు పెట్టె మూత తీయబోయాను.

"ఒసే, ఆగు! ఐసులో ఎడితే గడ్డకట్టీసి పాడైపోద్ది. మీ పెదనాన్న మందు అలాగే పాడుసేసినాను" అంటూ పెన్ను ఉన్న కవరుకు తడిగుడ్డ చుట్టి నీళ్ళకుండ పక్కన నీడలో పెట్టింది. తర్వాత సోమ వైపు తిరిగింది. "అన్నం ఎంత తింటావో ముందు సెప్పమ్మా. దాన్నిబట్టే కదా సూది."

సోమ గుప్పిడితో కొలిచి చూపించింది. రెండేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి పెద్దమ్మట. పక్క మంచం మీద పడుకునే నేను కూడా ఎప్పుడూ అడగలేదు.

చేపల కూరతో అన్నం తిని, ఎండ తగ్గాక ఒడ్డుకు వెళ్ళాం. సోమ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి వాళ్ళమ్మకు వీడియో కాల్ చేసింది. అల వచ్చి తగిలినప్పుడల్లా ఇక్కడ సోమ, అక్కడ వాళ్ళమ్మ ఒకేసారి అరిచారు.

తిరుగు రైల్లో సోమ బ్యాగులోనే ఉండిపోయిన షుగరు మిషను తీసి, వేలు గుచ్చి చూసుకుంటుంటే ఎదురు సీట్లో పెద్దాయన ముందుకు వంగాడు.

"ఎంతున్నాదమ్మా?"

"నూట ముప్పై."

"నాకన్నా నయమే. నాదీ సూడు."

సోమ కొత్త సూది మార్చి ఆయనకూ చూసింది. రెండువందల డెబ్భై. "తాతగారూ, మందు మానేశారా?"

"ఊరెల్తన్నాను కదా అని..." ఆయన నసిగాడు.

"ఊరెళ్ళినా వేసుకోవాలి" అంది సోమ. విజయనగరం వచ్చేదాకా వదల్లేదు. పొద్దున ఆమెను జాగ్రత్తగా తీసుకెళ్ళి తీసుకురావాలనుకుంటూ బయల్దేరిన నేను పక్కన కూర్చుని వింటున్నాను.

దిగేటప్పుడు పెద్దాయన సోమను ఏ దేశమని అడగలేదు. ఏ డాక్టరు దగ్గర చూపించుకుంటున్నావని అడిగాడు. సోమ డాక్టరు పేరు చెప్పింది, వీధి చెప్పింది, ఆదివారాలు ఉండరని కూడా చెప్పింది.