తీగ మీద మూడు దెబ్బలు

మార్గ్రిత్‌కి కొండంటే భయం. లౌటర్‌బ్రునెన్ లోయలో పుట్టి, చుట్టూ కొండలే పెట్టుకుని అదేం భయమని ఊరంతా నవ్వేది. నవ్వనీ. ఆమె అన్న పద్దెనిమిదేళ్ల వయసులో గడ్డి కోస్తూ ఆ కొండ అంచు నుంచే జారిపోయాడు. పోయింది నవ్వేవాళ్ల అన్న కాదుగా.

మొగుడు కాస్పర్ మాత్రం ఏటా ఆగస్టులో, మేకలకు కూడా కాలు నిలవని చోట గడ్డి కోసి, మోపు కట్టి, ఇనుప తీగ మీద కిందికి జార్చేవాడు. అందుకోవడం ఆమె పని. జలపాతం హోరులో కేక వినబడదు కనుక మోపు వదిలేముందు కర్రతో తీగ మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. ఆమె తిరిగి కొడితేనే వదలాలి. ముప్పై ఏళ్లుగా ఆ చప్పుడు వింటేనే ఆమె ప్రాణం కుదుటపడేది. "ఒసే పిరికిదానా, పడేటప్పుడు ముందే కొట్టి చెబుతాలే!" అని ఏడిపించేవాడు.

ఆ రోజు ఏడో మోపు తర్వాత చప్పుడు లేదు. ఆమె కొట్టింది. జవాబు లేదు. తీగకు చెవి ఆనించింది. ఉత్త గాలి. జలపాతం కింద ఫొటోలు దిగుతున్న యాత్రికులు "అబ్బ, ఎంత బాగుందో!" అంటుంటే ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. కాస్పర్ ఫోను కిందే, కోటు జేబులో ఉంది. ఇరుగుపొరుగంతా ఆవులతో పై మేతబీళ్లలో ఉన్నారు.

ఎక్కింది. చెట్ల వేళ్లు పట్టుకుని, మోకాళ్ల మీద పాకుతూ, దేవుణ్ణి కాసేపు మొక్కుతూ కాసేపు తిడుతూ ఎక్కింది.

కాస్పర్ బండను కరుచుకుని కూర్చున్నాడు. దెబ్బ లేదు, నెత్తురు లేదు. ముఖానికి సున్నం కొట్టినట్టుంది.

"ఏమైందయ్యా?"

"కాలు జారింది. ఆపుకున్నా. అప్పుడు కిందికి చూశానే..." పళ్లు టకటకలాడుతున్నాయి. "కర్ర అదిగో అక్కడుంది, చెయ్యి చాచలేకపోయా. నా వల్ల కాదు, నువ్వెళ్లిపో."

ఆమెకు తిట్టాలనిపించింది, ఏడవాలనిపించింది. అతని చెయ్యి లాగి తన నడుముకట్టు పట్టించింది.

"నీకీ భయం కొత్త. నాకు పాతదే. పోయాక లేద్దామని కూర్చోకు, అది పోదు. వెంటబెట్టుకునే నడవాలి. లోయ చూడకు, నా మడమలు చూడు."

"నీకు భయం వెయ్యట్లేదా?"

"చచ్చేంత. పద."

అతను లేచాడు.