కాలు పోయిన పింఛను ఆమ్దానీయేనా?

ఈ రోజు పక్కింటివాళ్ల ఎడ్లబండి అడిగి తెచ్చి, మా అన్నను తూంకుంట నుంచి బొల్లారంలోని వకీలు దగ్గరికి తీసుకెళ్లాను. బర్మా యుద్ధంలో అన్నకు ఒక కాలు తొడదాకా పోయింది. తర్వాత సేద్యం సాగలేదు. అప్పులు తీరే దారి లేక దివాలా దరఖాస్తు పెట్టుకుంటున్నాడు.

ఆస్తి లేదని రాయడం తొందరగానే అయిపోయింది. ఆమ్దానీ, అంటే రాబడి, రాసే దగ్గర పేచీ వచ్చింది. కాలు పోయినందుకు సర్కారిచ్చే పింఛను కూడా చూపాలన్నాడు వకీలు.

"గది ఆమ్దానీ ఎట్లయితది సాబ్? నేనేం కష్టం జేసిన?" అన్నాడు అన్న.

"చేతికొస్తాంది గదా! దాస్తే దరఖాస్తు కొట్టేస్తరు. చూపించి, దాంతోనే బతుకుతున్న, అప్పులోళ్లను ముట్టనియ్యొద్దని అడుగుదాం. ఎన్నాళ్లొస్తది?"

"కాలు మొలిచేదాంక."

వకీలు నవ్వలేదు. 'బతికున్నన్నాళ్లు' అని రాసుకున్నాడు. ఆయన చెప్పింది న్యాయమే, అందుకే నాకు మరీ కోపం వచ్చింది.

తిరిగి వస్తుంటే ఊరి దగ్గర మడిలో కూలీలు ఎరువు కోసం పచ్చిరొట్టను కాళ్లతో బురదలోకి తొక్కుతున్నారు. ఒకప్పుడు ఆ పనికి ఊరంతా అన్ననే పిలిచేది. బండి ఆపమన్నాడు. నా భుజం పట్టుకుని దిగి, గట్టు మీద కూర్చుని, ఉన్న కాలు బురదలో పెట్టి తొక్కడం మొదలుపెట్టాడు. ధోతి కింద రెండో తొడ కూడా దానికి వంతుగా లేస్తూ పడుతోంది.

పొద్దు గూకుతున్నా "ఇగ పోదాం అన్నా" అనడానికి నాకు నోరు రాలేదు. మీకైతే వచ్చేదా?