నిలబడి వాయించినాయన సంతాప సభ

ఈ సాయంత్రం చిక్కడపల్లిలో ఒక సంతాప సభకు వెళ్లొచ్చాను. పోయినాయన మన నగరంలో వయొలిన్ మీద జాజ్ వాయించిన మొదటితరం మనిషి. సికింద్రాబాద్ హోటళ్లకు ఆయన వాయిద్యం వినడానికే జనం వెళ్లేవారట. ఈ సంతాప సభ జరిగిన సంగీత సమాజం హాల్లో మాత్రం ఒకే ఒక్కసారి వాయించాడు. అందరిలా కింద కూర్చోకుండా నిలబడి వాయిస్తున్నాడని, సమాజం కార్యదర్శి మధ్యలోనే మైకు ఆపించి దింపేశాడు. మళ్లీ పిలవలేదు.

అదే కార్యదర్శి ఈ రోజు ఆయన్ను సరస్వతీ పుత్రుడంటూ అరగంట పొగిడాడు. తర్వాత, రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం, అందరూ లేచి నిలబడండి అన్నాడు. లేచాం. ముందు వరుసలో ఆయన భార్య మాత్రం లేవలేదు.

"అమ్మా, జర లేవండి" అన్నాడు కార్యదర్శి, స్టేజీ అంచుకు వచ్చి.

"నిలబడి వాయించిండనే గద ఆయనను దింపేసిన్రు. ఇయ్యాల మీరు నిలబడున్రి. నేను కూసుంట" అంది ఆమె.

హాలంతా విన్నది. కార్యదర్శి ఏమాత్రం తడబడకుండా మైకు దగ్గరికి వెళ్లి, "అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. ఎవరూ ఏమనుకోకండి" అన్నాడు.

మేమంతా నిలబడి, ఎంతో శ్రద్ధగా మౌనం పాటించాం. మీరైతే ఆమె పక్కన కూర్చునేవారా? మోకాళ్లు బాగున్నవాళ్లే చెప్పండి.